కారు చూడని కన్నం

మా పురపాలక సంఘం ఏ ఊళ్లో ఉందో చెప్పను. చెబితే మిగతా ఊళ్లవాళ్లు తమ పేరు ఎందుకు రాయలేదని నొచ్చుకుంటారు. ఉత్తరాంధ్రలో ఒక చిన్న పట్నం అనుకోండి, చాలు. అందులో నేను అసిస్టెంట్ ఇంజనీరుని. రోడ్లు, కాలవలు, కాలవల మీద మూతలు నా కిందికి వస్తాయి. నేను మా కమిషనర్ త్రిలోకనాథం గారి కిందికి వస్తాను.

ఆ ఏడాది ఎండలు ముదిరిన రోజుల్లో పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. మనిషి కన్నుకు పక్షపాతం ఉంటుందట. సొంతవాళ్ల వీధిలో చిన్న గుంట చెరువులా కనిపిస్తుందట, గిట్టనివాళ్ల వీధిలో చెరువు కూడా కనిపించదట. అంచేత ఇకమీదట ఏ పని మంజూరు కావాలన్నా, ఆ చోటుని ఎవరో మనిషి చూశానంటే చెల్లదు. కెమెరా బిగించిన రిమోట్ కారు వెళ్లి చూడాలి. కారు చూసింది ఉన్నట్టు, చూడనిది లేనట్టు. ఈ పథకానికి ‘నిష్పాక్షిక నేత్రం’ అని పేరు పెట్టారు. పేరు పెట్టినందుకు ఒక సభ, సభ జరిగినందుకు ఒక సన్మానం కూడా చేసుకున్నారు. మా శాఖలో పేరు కుదిరితే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం గురించి ఎవరూ అడగరు.

సరిగ్గా అప్పుడే కుమ్మరి వీధి పైడమ్మ ఆఫీసుకి వచ్చింది. పైడమ్మ తన ఇంటి అరుగు మీద ఇడ్లీలు వేసి అమ్ముతుంది. ఆమె గుమ్మానికి ఎదురుగా మురుగుకాలవ మూత పగిలిపోయి, మనిషి నడుం దాకా దిగిపోయేటంత కన్నం పడింది. నేను రోజూ దాన్ని దాటుకునే ఇడ్లీలకి వెళ్తాను కనుక ఆ సంగతి నాకు బాగానే తెలుసు.

"బాబూ, మా ఆయనకి సూపు ఆనదు. కళ్లల్లో పొరలొచ్చీసినాయి. మొన్న ఒక కాలు ఆ కన్నంలోకి దిగిపోనాది. ఈధిలో కుర్రోళ్లు లాగారు గాబట్టి సరిపోయింది. వానలు పడితే కన్నమేదో ఈధేదో నాకే తెలవదు, ఆయనకేటి తెలుస్తాది? ఒక్క మూత పడీయండి బాబూ" అంది.

ఆమె అడిగింది అంతే. ఆఫీసు వెనక షెడ్డులో మూతలు పెసరట్ల దొంతరలా పేర్చి ఉన్నాయి. పాత రోజులైతే ఆ సాయంత్రానికే ఒకటి దొర్లించుకుపోయి వేసేసేవాణ్ణి. ఇప్పుడు కొత్త రోజులు. మేనేజర్ సన్యాసినాయుడు గారు షెడ్డు తాళంచెవి జేబులో వేసుకుని, కారు రావాలన్నారు. కన్నం నేను చూశానన్నాను. చూసింది మీరు కాబట్టే కుదరదన్నారు.

కారు వచ్చింది. అట్టపెట్టె విప్పితే పిల్లికూన అంత ఉంది. చక్రాలు గారెలంత. నెత్తిన చిన్న కెమెరా, అది చూసేదంతా సెల్‌ఫోన్ తెర మీద కనిపిస్తుంది. పైన తొడిగే తొడుగు మాత్రం గాజులాంటి ప్లాస్టిక్కుతో చేసిన ఉత్త పారదర్శకం, రంగు మనమే వేసుకోవాలి. రిమోట్ కారు అన్నది నేను పుట్టి బుద్ధెరిగి ముట్టుకోలేదు. అయినా ఒకప్పుడు కమిషనర్ గారి బల్లమీది గంట బాగుచేసిన పాపానికి కారు బాధ్యత నాకే తగిలించారు. దాంతోపాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని రాత్రంతా చదువుకున్నాను. ఆ పుస్తకాన్ని చదివిన మొదటివాణ్ణీ చివరివాణ్ణీ నేనే.

మర్నాడు వాహనపూజ. లారీకి ఎలా చేస్తారో అలాగే చేయాలని సన్యాసినాయుడు గారు పట్టుబట్టారు. పసుపు రాశారు, బొట్లు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. లారీ కింద నిమ్మకాయ నలుగుతుంది. మా కారు నిమ్మకాయల మీద ఎక్కి కూర్చుంది.

ఆ తర్వాత ఎవరిని ముందు మేల్కొలపాలన్న ప్రశ్న వచ్చింది. ముందు రిమోట్ మీట వేసి ఆ తర్వాత కారు మీట వేయాలని పుస్తకంలో ఉంది. కమిషనర్ గారు ఒప్పుకోలేదు. రిమోట్ ఉండేది అధికారి చేతిలో, అధికారి వచ్చేసరికి కింది సిబ్బంది సిద్ధంగా ఉండొద్దా అన్నారు. సరే, కారునే ముందు మేల్కొలిపాం. అది కాసేపు తనలో తను వణికి ఊరుకుంది. అప్పుడు కమిషనర్ గారు రిమోట్ అందుకుని మీట నొక్కారు. మోటారు గుయ్యిమంది, మాడు వాసన వచ్చింది, కారు అంగుళం కదల్లేదు.

నిలబడినచోటే కమిటీ వేశారు. అదృష్టవశాత్తూ అందులో నేను లేను. "వాహనమునకు కార్యోన్ముఖత కొరవడినది" అని కమిటీ తేల్చింది. నేను వంగి నిమ్మకాయలు తీసేశాను. కారు ఒక్క గెంతు గెంతి సన్యాసినాయుడు గారి పంచె కుచ్చిళ్లలో దూరింది. నిమ్మకాయలు తీయడం అరిష్టమని ఆయన ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. ఇకమీదట రిమోట్ వాహనాలకు నిమ్మకాయలకు బదులు ఉసిరికాయలు వాడవలెనని సాయంత్రానికి సర్క్యులర్ మాత్రం వచ్చేసింది. ఆ రోజు ఆఫీసులో పూర్తయిన పని అదొక్కటే.

కారు నడుస్తోంది కదా, రేపు కుమ్మరి వీధికి పోదామా అని అడిగాను. రంగు లేకుండా ప్రభుత్వ వాహనం వీధిలోకి ఎలా వెళ్తుందన్నారు కమిషనర్ గారు. అదీ నిజమే. సర్కారు మనిషి బట్టలు లేకుండా తిరగవచ్చేమో గానీ సర్కారు బండి రంగు లేకుండా తిరగకూడదు.

ఈ తొడుగులకి రంగు లోపలివైపున వేయాలి. బయట ఒక పలచటి పొర అంటించి ఉంటుంది, రంగు బయటికి చిందినా ప్లాస్టిక్కుకి అంటకుండా ఉండడానికి. లోపల రంగు ఆరాక బయటి పొర ఒలిచేస్తే నిగనిగలాడుతుంది. పుస్తకంలో బొమ్మలతో సహా ఉన్న ఈ సంగతి నేను వివరించి చెప్పాను. కమిషనర్ గారు కళ్లద్దాలు తీసి నన్ను చూశారు.

"లోపల సున్నం వేసి బయట వేసినట్టు చూపించే ఘనుల్ని నా సర్వీసులో చాలామందిని చూశానయ్యా. రంగు అన్నది బయటివాడు చూడడానికి. లోపల వేస్తే దాన్ని రంగు అనరు, దాపరికం అంటారు" అన్నారు.

పార్కు గేటుకి వేయగా మిగిలిన తెల్లరంగు ఉంది. దాన్ని బయట, ఆ పొర మీదే దట్టంగా పులిమించారు. పైన నీలం అక్షరాల్తో పురపాలక సంఘం పేరు రాయించారు. చూడ్డానికి పెళ్లిలో పంచిపెట్టే బూందీ డబ్బాలా ఉంది. ఆవిష్కరణ రోజున, పొర ఒలవాలని పుస్తకంలో ఉందన్నావు కదా, ఆ ఒలిచేదేదో నా చేతులమీదుగా ఒలుస్తాను అన్నారు కమిషనర్ గారు. నేను నోరు తెరిచేలోపే గోటితో కొస పట్టి లాగారు. రంగూ, పేరూ, గీతలూ అన్నీ ఒక్క పొరగా చర్రున ఊడి వచ్చేశాయి. పురపాలక సంఘం మొత్తం ఆయన చేతిలో వేలాడింది. కారు పుట్టినప్పుడు ఉన్నట్టే మిగిలింది. ఏం చేయాలో తోచక అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

రెండోసారి లోపలే వేయించారు. అయితే లోపల రాసే అక్షరాలు తిరగేసి రాయాలి, అప్పుడే బయటినుంచి తిన్నగా కనిపిస్తాయి. ఆ మాట పెయింటరుకి చెప్పబోతే, ప్రభుత్వం పేరు తిరగరాయమనడానికి నువ్వెవరివని నన్ను గదిమారు. తిన్నగానే రాయించారు. బయటినుంచి చూసినవాళ్లు, ఇదేదో సరిహద్దు అవతలి రాష్ట్రం బండి అనుకున్నారు. తప్పు కళ్లెదుట కనిపిస్తున్నా కమిషనర్ గారు తొణకలేదు. అంబులెన్సు నొసట కూడా అక్షరాలు తిరగేసే రాస్తారని, ముందుపోయే బండివాడు అద్దంలో చూసి చదువుకుంటాడని, మన వాహనం అంతటి అత్యవసర వాహనమని సెలవిచ్చారు. కాబట్టి దాన్ని చదవదలచినవాళ్లు అద్దం తెచ్చుకోవలెను.

ఈ ముచ్చట్లన్నీ సాగుతుండగా పైడమ్మ బట్టలుతుక్కునే బండని ఇరుగుపొరుగుల సాయంతో ఈడ్చి కన్నం మీద పడేసింది. దాంతో నా మనసు కాస్త కుదుటపడింది. అది ఎన్నాళ్లో నిలవలేదు.

రంగు అయ్యాక కారుని ఆఫీసు వరండాలో నడిపి చూశాను. కుడికి తిప్పితే ఎడమకి పోతోంది. ఎడమకి తిప్పితే కుడికి. ఈ జబ్బుకి మందు పుస్తకంలోనే ఉంది. రిమోట్ పక్కన రబ్బరు బిళ్ల కింద గింజంత మీట ఉంటుంది, దాన్ని ఇటునుంచి అటు జరిపితే సరి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకంటారు. మా ఆఫీసులో గొడ్డలి కూడా వాడరు, పైకి రాస్తారు. సర్కారు ఆస్తి స్వభావాన్ని మార్చే అధికారం మనకి లేదని, అనుమతి కోరుతూ రాయమని కమిషనర్ గారు ఆదేశించారు. రాశాను. పోనీ జవాబు వచ్చేదాకా ఎడమకి పోవాలనుకున్నప్పుడు కుడికి తిప్పితే సరిపోతుంది కదా అన్నాను.

"అంటే? అధికారి కుడి అని ఆదేశిస్తూ మనసులో ఎడమ అనుకోవాలా? ఇది పరిపాలనయ్యా, సంసారం కాదు" అన్నారాయన.

ఎట్టకేలకు తనిఖీ రోజు వచ్చింది. అధికారి కుర్చీ దిగకుండానే ఊరంతా చూడవచ్చునని పథకం పుస్తకాల్లో రాశారు గానీ, రిమోట్ మాట కారుకి కూతవేటు దూరం దాకానే వినిపిస్తుంది. అంచేత కారు ముందు, కారు వెనక కమిషనర్ గారి జీపు. జీపులోంచి బయటికి చూస్తే మనిషి కన్ను పడి తనిఖీ మైలపడుతుందని, ఆఫీసు కుర్చీల మీది తెల్ల తువ్వాళ్లు తెచ్చి జీపు కిటికీలన్నిటికీ కట్టించారు. డ్రైవరుకి కళ్లు మినహాయించారు, అదీ ఎంతో ఆలోచించాక. లోపల కమిషనర్ గారు చేతిలో రిమోట్, ఎదురుగా సెల్‌ఫోన్ తెర. పక్కన సన్యాసినాయుడు గారు. వెనకసీట్లో నేను.

ఆఫీసు ముందు రోడ్డు నీళ్ల ట్యాంకు దగ్గర రెండుగా చీలుతుంది. ఎడమకి పోతే కుమ్మరి వీధి. కుడికి పోతే ఆఫీసర్స్ కాలనీ. కమిషనర్ గారి బంగళా ఉన్నది ఆ కాలనీలోనే. ట్యాంకు దగ్గర ఆయన దర్జాగా ఎడమకి తిప్పారు. కారు దర్జాగా కుడికి పోయింది. కారు వెనకే జీపు పోయింది. తువ్వాలు కొస కాస్త పక్కకి తొలగితే నాకు కాలనీ గేటు కనిపించింది.

అయ్యా, ఇది కుమ్మరి వీధి కాదు అన్నాను. దేనితో చూశావన్నారు. కంటితో అన్నాను. అదే చెల్లదన్నారు.

తెర మీద సిమెంటు రోడ్డు, రెండువైపులా కాగితంపూల చెట్లు, వీధిదీపాలు కనిపించాయి. కుమ్మరి వీధి ఇంత అభివృద్ధి అయిందా అని ఆయన ముచ్చటపడ్డారు. ఒక ఇంటి ముందు జీపు ఆగితే కుక్క ఒకటి తోక ఊపుతూ వచ్చి, ముద్దుగా మూలుగుతూ జీపు తలుపు గీరడం మొదలుపెట్టింది. ఈ గొంతు ఎక్కడో విన్నట్టుందే అన్నారు గానీ, కుక్క కెమెరా ముందుకి రాలేదు కనుక దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ ఇంట్లో తులసికోట తెరమీద కనిపించినప్పుడు మాత్రం, అచ్చం మా ఇంట్లో ఉన్నటువంటిదే కట్టించుకున్నారు, కింది వర్గాలకి కూడా అభిరుచి పెరిగింది అని మెచ్చుకున్నారు. సన్యాసినాయుడు గారు తలూపి రాసుకున్నారు. మా నివేదిక ఒక్క వాక్యం: "కుమ్మరి వీధిలో కన్నం లేదు."

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనేవాళ్లు ఊరికి ఒకరో ఇద్దరో ఉంటారు. మా ఊళ్లో వాళ్లందర్నీ ఏరి ఒకే ఆఫీసులో వేశారు.

పైడమ్మ మళ్లీ వచ్చింది. కారు మీ వీధి చూసింది, కాగితంపూల చెట్లు కూడా ఉన్నాయి, ఇంకా ఏమిటి నీ గోల అని సన్యాసినాయుడు గారు ఆమెని అడిగారు.

"కాయితంపూలేటి బాబూ? మా ఈధిలో కరేపాకు మొక్కే బతకదు. మీరు సూసింది మా ఈధి కాదు" అంది పైడమ్మ.

ఈ మాటతో వ్యవహారం ముదిరింది. ఆమె మాట్లాడింది అప్పీలు కింద లెక్కట. అప్పీలు తేలేదాకా ఆ చోటు ఉన్నది ఉన్నట్టు ఉండాలట. అంచేత "యథాస్థితి పునరుద్ధరణ" పేరుతో మా మనుషులు నలుగురు వెళ్లి, కన్నం మీద పైడమ్మ వేసిన బండని తీసి ట్రాక్టరులో వేసుకుని వచ్చారు. లేని కన్నం మీంచి ఉన్న బండని తీసుకొచ్చారన్నమాట. ఆ కాగితం మీద సంతకం పెట్టమని నాకే పంపారు. పెట్టాను. పెడుతూంటే నా చెయ్యంటే నాకే రోత పుట్టింది.

కెమెరా తీసిన బొమ్మలో ఆ వీధి మొగలో ‘ఆఫీసర్స్ కాలనీ’ అన్న బోర్డు కనిపిస్తోందని ఆ తర్వాత ఎవరో గమనించారు. కారు తప్పు చూడదు. కనుక తప్పు బోర్డుది. వీధులకి పేర్లు పెట్టే అధికారం మాకు ఎప్పట్నుంచో ఉంది, దానికి ఎవర్నీ అడగనక్కర్లేదు. గింజంత మీట జరపడానికి రాజధాని అనుమతి కావాలి గానీ రెండు వీధుల్ని అటూ ఇటూ మార్చడానికి ఒక నిచ్చెన, ఇద్దరు మనుషులు చాలు. మధ్యాహ్నానికల్లా ఆఫీసర్స్ కాలనీ మొగలో ‘కుమ్మరి వీధి’ అని, కుమ్మరి వీధి మొగలో ‘ఆఫీసర్స్ కాలనీ’ అని బోర్డులు లేచాయి.

తొలకరి పడింది. కుమ్మరి వీధిలో మోకాటిలోతు నీళ్లు నిలిచాయి. వీధి ఏదో కన్నం ఏదో ఎవరికీ తెలియలేదు, పైడమ్మ ముందే చెప్పినట్టు. నేను గొడుగు వేసుకుని, వీధి గోడలు పట్టుకుని వెళ్లి చూస్తే ఆమె అరుగు మీద లేదు. పాత తలుపుచెక్క ఒకటి కన్నం మీద పరిచి, దానిమీద పొయ్యి పెట్టి, పీట వేసుకుని, నెత్తిన గోనె కప్పుకుని వీధి మధ్యలో కూచుని ఇడ్లీలు వేస్తోంది. గుమ్మంలో అప్పలసూరి, ఆమె భర్త, గడప మీద చెయ్యి ఆనించి ఆమె గొంతు వినిపించే వైపుకి మొహం తిప్పి కూచున్నాడు.

"ఉత్త చెక్కేసి ఒగ్గీస్తే దాన్నీ మీ ఓళ్లు ఒట్టుకెలిపోతారు. మనిసి కూకుంటే ఎత్తలేరు గదా. నానే మూతనైపోనాను బాబూ" అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

పైడమ్మకి కనిపించని చోట దేవుడు ఇంకో పని చేస్తున్నాడు. మా చెత్త ట్రాక్టర్లవాళ్లు చదువుకున్నవాళ్లు, బోర్డులు చదువుతారు. ఊరి చెత్తంతా తెచ్చి ముందుగా కుమ్మరి వీధి మొగలో కుప్ప వేసి, అక్కణ్నుంచి డంపింగు యార్డుకి తీసుకుపోవడం మా ఊరి ఆనవాయితీ. బోర్డు మారాక ఆ కుప్ప కూడా బోర్డుతో పాటే మారింది. కమిషనర్ గారి బంగళా గేటు ముందు అరటిబోదెలు, చేపల మార్కెట్టు మురుగు, కోళ్ల ఈకలు వానకి నాని గుట్టలు పడ్డాయి. వాటికోసం పందులు వచ్చాయి. పందులు తులసికోట దాకా వచ్చాయి.

ఆ సాయంత్రం కమిషనర్ గారి సతీమణి ఆయనతో ఏమన్నారో ఎవరికీ తెలియదు. తెలిసిందల్లా ఏమిటంటే, మర్నాడు పొద్దున్నే నన్ను బంగళాకి పిలిపించారు. ఆవిడ జడలోంచి పిన్ను తీసి ఆయన చేతికి ఇచ్చారు. ఆయన రబ్బరు బిళ్ల పైకి లేపి, ఆ మీట ఎక్కడయ్యా అన్నారు. చూపించాను. పిన్నుతో జరిపారు. అంతే. కారు కుడి అంటే కుడికి పోయింది, ఎడమ అంటే ఎడమకి పోయింది. బోర్డులు మధ్యాహ్నంలోగా యథాస్థానాలకి వెళ్లాయి, చెత్త ఆఘమేఘాల మీద కుమ్మరి వీధికి తిరిగి వెళ్లింది. రాజధాని నుంచి అనుమతి ఇంకా రాలేదు. ఒక ముసలాడు చూపు లేక కాలు జారితే జరగని మీట, పందులు తులసికోట దగ్గరికి వస్తే జరిగింది. కడుపు మండింది. మండితే ఏం లాభం, ఆ మంట మీద ఇడ్లీలు కూడా ఉడకవు.

అయినా ఒక ఆశ కలిగింది. కారు బాగుపడింది కనుక ఇకనైనా కన్నం చూస్తుంది అనుకున్నాను. మళ్లీ తువ్వాళ్లు కట్టారు, మళ్లీ జీపు బయల్దేరింది. ట్యాంకు దగ్గర కమిషనర్ గారు ఎడమకి తిప్పితే కారు బుద్ధిగా ఎడమకి పోయింది. గతుకుల్లో ఎగిరెగిరి పడుతూ, బురదలో తిరగేసిన అక్షరాలు మునిగిపోయి, పైడమ్మ ముందుకి వెళ్లి ఆగింది. తెర మీద పొయ్యి, ఆవిరి, పీట మీద ఒక ఆడమనిషి.

"కన్నము లేదు. ఆక్రమణ కలదు" అని కమిషనర్ గారు చదివినట్టుగా అన్నారు. సన్యాసినాయుడు గారు రాసుకున్నారు.

చెక్క కిందే ఉందండీ, ఒక్కసారి ఎత్తిస్తే చాలని బతిమాలాను. చెక్క ఎత్తితే స్థలస్వరూపం మార్చినట్టని, ఉన్నది ఉన్నట్టు చూడడమే నిష్పాక్షికత అని ఆయన వివరించారు. పైడమ్మ బయట పీట మీంచే జీపుకి వినపడేలా కేకేసింది.

"నాను లెగుత్తాను బాబూ. మీరోపాలి దిగి మీ కళ్లతో సూడండి" అంది.

కమిషనర్ గారి జవాబు నాకు వచ్చింది, ఆమెకి కాదు. "ఆమెని మాట్లాడవద్దని చెప్పవయ్యా. కారుకి వినికిడి లేదు."

వీధిలో ఆక్రమణ తొలగించుకోవాలని పైడమ్మకి నోటీసు తయారైంది. ఇచ్చిరమ్మని నన్నే పంపారు. వెళ్లేసరికి ఆమె ఒక్కర్తీ దిగాలుగా కూచుని ఉంది. అప్పలసూరికి కంటి ఆస్పత్రిలో ఆపరేషన్‌కి మర్నాడు రమ్మన్నారట. పక్కన ఇంటిమనిషి తోడు ఉండాలట.

"నానెల్తే మీ ఓళ్లు ఈ చెక్క ఎత్తీసుకుని పోతారు. నాకు తెల్సు. కళ్లకి గుడ్డ కట్టుకుని ఇంటికొచ్చినోడు ఆటో దిగి మొదటి అడుగు ఎక్కడేస్తాడు బాబూ? ఇంతకాలం సూపు కోసం ఆగినోడు, సూపొచ్చే నాడే అందులో పడాలా?" అంది.

నోటీసు నా జేబులోనే ఉండిపోయింది. రేపు వెళ్లిరమ్మని, చెక్క సంగతి నేను చూసుకుంటానని చెప్పాను. ఎలా చూసుకుంటానో నాకే తెలియదు. పొద్దున్నే వచ్చి వాళ్లని ఆటో ఎక్కించి, పొయ్యి అరుగు మీదికి ఎత్తి, పీట చెక్క మీద వేసుకుని నేను కూచున్నాను. దారినపోయేవాళ్లు మొదట ఇడ్లీలు అడిగారు, తర్వాత మొహం చూసి నమస్కారం పెట్టారు. మా మనుషులు నలుగురు ట్రాక్టరేసుకుని ఆక్రమణ తొలగించడానికి వచ్చారు. పై అధికారిని ట్రాక్టరులో ఎత్తి వేయవచ్చో లేదో తేలక, ఒక బీడీ కాల్చుకుని వెళ్లిపోయారు.

వాళ్ల వెనకే తనిఖీకి కారు వచ్చింది. దాని వెనక తువ్వాళ్ల జీపు వచ్చింది. కారు నా మోకాళ్ల ముందు ఆగి, మెడలేని తలతో నన్ను కిందినుంచి పైదాకా చూసింది. దానికి తల ఊపి నమస్కారం పెట్టాను. జీపులోంచి ఎవరూ దిగలేదు.

సాయంత్రానికి మెమో వచ్చింది. విధినిర్వహణ వేళలో కుమ్మరి వీధి నడిమధ్య ఏ హోదాలో ఆసీనులై ఉంటిరో తెలుపవలెను అని అడిగారు. అక్కడే, పీట మీదే కూచుని సంజాయిషీ రాసి ఇచ్చాను. ఒక్కటే మాట: "మూత."

తిడతారనుకున్నాను. మా ఆఫీసుని నేను ఇంకా తక్కువ అంచనా వేశాను. నా సంజాయిషీ సన్యాసినాయుడు గారి బల్ల మీదికి వెళ్లింది. ఆయన దాన్ని పైడమ్మ అర్జీకి జతచేసి, "మూత అమర్చబడినది, నిష్పాక్షిక నేత్రము ద్వారా ధ్రువీకరించబడినది" అని రాసి ఆ వ్యవహారాన్ని మూసేశారు. అమర్చిన మూతని తీసేస్తే యథాస్థితికి భంగం. అందువల్ల మరో ఉత్తర్వు వెలువడే వరకు నేను అక్కడే విధులు నిర్వర్తించవలెనని కమిషనర్ గారు ఆదేశించారు. షెడ్డులో మూతలు అలాగే ఉన్నాయి. తాళంచెవి సన్యాసినాయుడు గారి జేబులో అలాగే ఉంది.

అందుకే ఇప్పుడు రోజూ పొద్దున్న ఆఫీసుకి వెళ్లి సంతకం పెట్టి, కుమ్మరి వీధికి వచ్చి కూచుంటున్నాను. పైడమ్మ మళ్లీ అరుగెక్కింది. ఇడ్లీలు నాకు వేడివేడిగా అందుతున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి.

అప్పలసూరి కళ్లకి కట్టు విప్పిన రోజున, అతను గుమ్మంలో నిలబడి లోకాన్ని ఒకసారి కలయజూశాడు. ఆకాశం చూశాడు, ఎదురింటి పెంకులు చూశాడు, ఎన్నాళ్లకో పెళ్లాం మొహం చూశాడు. తర్వాత వీధి మధ్యలో పీట మీద, టక్ చేసుకుని, మెడలో ఆఫీసు కార్డు వేసుకుని కూచున్న నన్ను చాలాసేపు చూశాడు.

"ఆరెవరే? అక్కడెందుకు కూకున్నారు?" అని అడిగాడు.

పైడమ్మ ఇడ్లీపాత్ర మూత తీస్తూ అటు తిరక్కుండానే చెప్పింది.

"మూతెయ్యమన్నాను గదా. ఇంజినీరుని ఏసారు."